గాడిచర్ల గోడ: మా గ్రంథాలయంలో ప్రదర్శన తయారీ డైరీ

ఆగస్టు మొదటి వారం

మా శాఖా గ్రంథాలయంలో పేపర్లు చదివే బల్లకు ఎదురుగా పన్నెండు అడుగుల గోడ ఒకటి ఖాళీగా ఉంది. నవంబర్ 14న గ్రంథాలయ వారోత్సవాలు మొదలవుతాయి. ఆలోపు ఆ గోడ మీద గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారి జీవితాన్ని పెట్టాలని అనుకున్నాం. పనిలో ఉన్నది లైబ్రేరియన్ మేడం, హైస్కూలు తెలుగు మాస్టారు, సాయంత్రాలు వచ్చే పిల్లలు, నేను.

ఎవరిని అడిగినా ఆయన గురించి ఒకే మాట చెబుతారు: ఆంధ్రుల్లో మొదటి రాజకీయ ఖైదీ అని. ఆ గౌరవం ఆయనకు తగినదే. అయితే ఆయన 1883 సెప్టెంబర్ 14న కర్నూలులో పుట్టి, 1960 ఫిబ్రవరి 29న పోయారు. అంత పొడుగు జీవితంలో జైలు మూడేళ్లు. ఆ జైలుకు కారణమైన పత్రిక బతికింది కొద్ది నెలలు. బయటికి వచ్చాక మిగిలిన యాభై ఏళ్ల సంగతి మనలో చాలామందికి తెలియదు. ఆ యాభై ఏళ్లలో ఎక్కువ భాగం ఆయన జనానికి చదువు వచ్చేలా, చదవడానికి పుస్తకం దొరికేలా చేయడానికే పెట్టారు. పత్రిక రాసిన మనిషి ఆ పత్రికను చదవగలిగే మనుషుల కోసం తిరిగారు. నా పట్టుదల అందుకే: గోడలో సగానికి పైగా చోటు జైలు తర్వాతి జీవితానికి ఇవ్వాలి.

మాస్టారికి ఇది నచ్చలేదు. "జనం ఆగి చూసేది జైలు దగ్గరేనమ్మా. అదే చిన్నది చేస్తే ఎట్లా?" అన్నారు. ఇప్పటికి తేలలేదు. ముందు విషయం పోగేద్దాం అనుకున్నాం.

ఆగస్టు మూడో వారం

పెద్ద చార్టులు నాలుగు అతికించి, పెన్సిల్‌తో సంవత్సరాల గీత గీశాం. పిల్లలు ఒక్కో సంవత్సరం కింద చీటీలు అంటించారు. అతికించడానికి పిండి జిగురు వాడాం, ఊడదీసి జరపడం తేలిక.

మొదటి భాగం వేగంగా నిండింది. పేద ఇల్లు, స్కాలర్‌షిప్‌ల మీద చదువు, మద్రాసులో ఎం.ఏ. ఆ రోజుల్లో ఆ డిగ్రీ ఉంటే సర్కారు ఉద్యోగం ఖాయం. ఉపాధ్యాయ శిక్షణ కోసం రాజమండ్రిలో చేరారు. బెంగాల్ విభజన తర్వాత మొదలైన స్వదేశీ ఉద్యమ ప్రచారానికి 1907 ఏప్రిల్‌లో బెంగాల్ నాయకుడు బిపిన్ చంద్ర పాల్ రాజమండ్రి వచ్చారు. ఆయన ఇంగ్లీషు ఉపన్యాసాలను చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు తెలుగులో చెబుతుంటే ఊరంతా విన్నది. విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని క్లాసులకు వెళ్లారు. వాళ్లకు ముందు నడిచిన గాడిచర్ల గారిని కాలేజీ నుంచి తీసేశారు. సర్కారు ఉద్యోగం దారి కూడా దాంతోనే మూసుకుపోయింది.

అదే 1907లో ఆయన రాసిన అబ్రహాం లింకన్ జీవిత చరిత్ర తెలుగు పుస్తకాలు అచ్చు వేయించే విజ్ఞాన చంద్రికా మండలి ప్రచురణగా వచ్చింది. దీన్ని చిన్న చీటీలో రాస్తే చాలదనిపించింది. బానిసత్వం రద్దు చేసిన నాయకుడి కథను అప్పటి తెలుగు పాఠకుడికి అందించాలని ఇరవై నాలుగేళ్ల కుర్రాడికి తోచింది. తర్వాత ఆయన పత్రికలో ఏం రాస్తారో ఇక్కడే కొంత తెలిసిపోతుంది. లింకన్ చీటీని పెద్దది చేసి 1908కి ఆనించి పెట్టాం.

1908లో బెజవాడలో 'స్వరాజ్య' వారపత్రిక పెట్టారు. ఆ మార్చిలో తిరునల్వేలిలో స్వదేశీ ఉద్యమ నాయకుడు వి.ఓ. చిదంబరం పిళ్లైని అరెస్టు చేశారు. జనం తిరగబడ్డారు, పోలీసులు కాల్చారు, మనుషులు చనిపోయారు. దాని మీద గాడిచర్ల గారు 'విపరీత బుద్ధి' పేరుతో రాసిన వ్యాసంలో పరాయి పాలనను క్రూరమైన పులి అన్నారు. శిక్షాస్మృతి 124-ఎ సెక్షన్ కింద రాజద్రోహం కేసు పెట్టారు. చివరికి మూడేళ్ల కఠిన శిక్ష, వేలూరు జైలు. అదే ఏడాది అదే 124-ఎ సెక్షన్ కింద తిలక్‌కు ఆరేళ్లు వేసి మాండలే పంపారు. గాడిచర్ల గారిని 'ఆంధ్ర తిలక్' అని పిలిచినవాళ్లు ఉత్త పొగడ్తకు అనలేదు.

ఎనిమిదో తరగతి పిల్లాడు ఒకడు చీటీ అంటిస్తూ, "ఒక్క వ్యాసానికి మూడేళ్లా అక్కా?" అని అడిగాడు. వాడి ప్రశ్ననే జైలు ప్యానెల్‌కు శీర్షికగా పెట్టాం. కింద ఆ సెక్షన్ చరిత్ర నాలుగు వాక్యాల్లో: 1870లో శిక్షాస్మృతిలో చేర్చారు, స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఉండిపోయింది, 2022 మేలో సుప్రీంకోర్టు దాని అమలును ఆపింది, 2024 జూలై 1న పాత శిక్షాస్మృతితో పాటు పోయింది. కొత్త న్యాయ సంహితలో దేశ ఐక్యతకు ముప్పు తెచ్చే పనులకు శిక్ష చెప్పే 152వ సెక్షన్ గురించి కూడా ఒక మాట ఉండాలని మాస్టారు పట్టుబట్టారు. రాశాం.

సెప్టెంబర్ 14

ఆయన పుట్టినరోజు. పిల్లలను తీసుకుని పాత ప్రెస్సుకు వెళ్లాం. అక్కడ ఇప్పుడు ఆఫ్‌సెట్ పనులే. అయినా ఒక మూల కాలితో తొక్కి నడిపే ట్రెడిల్ అచ్చు మిషన్ ఉంది. బిల్లు పుస్తకాలకు నంబర్లు వేయడానికి, అట్టలకు గాట్లు పెట్టడానికి వాడుతున్నారు. దాని వెనక చెక్క కేసుల్లో సీసం అక్షరాలు దుమ్ము పట్టి ఉన్నాయి. వాటి కోసమే వెళ్లింది.

ప్రదర్శనకు ఒక కాగితం మేమే అక్షరం అక్షరం పేర్చి అచ్చు వేయాలన్నది నా కోరిక. 1908లో వారపత్రిక నడపడమంటే ఎంత చాకిరీయో ప్యానెల్ మీద రాస్తే తెలియదు. చెయ్యి పెడితేనే తెలుస్తుంది.

కంపోజింగ్ నేర్పింది ప్రెస్సులో చిన్నప్పటి నుంచి పనిచేసిన పెద్దాయన. తెలుగు కేసు ముందు నిలబడితే కళ్లు తిరుగుతాయి. ఇంగ్లీషుకు ఇరవై ఆరు అక్షరాలు, పెద్దవీ చిన్నవీ కలిపినా కొద్ది గళ్లు చాలు. తెలుగుకు గుణింతాలన్నిటికీ, ఒత్తులకూ విడివిడి గళ్లు. ఒక కేసు కాదు, వరుసగా కేసులు. ఏ గడిలో ఏది ఉందో ఎక్కడా రాసి ఉండదు, చేతికి తెలిసి ఉండాలి.

"చదవడం వచ్చన్న సంగతి ముందు మర్చిపో తల్లీ," అన్నాడు పెద్దాయన. "అక్షరం తలకిందులుగా ఉంటాది. ఎడమ నుంచే పేర్చుకుంటా పోవాల. గాటు ఏ పక్కకుందో వేలితో చూసుకో, కంటితో కాదు."

అక్షరం ఒంటి మీద ఒక పక్క చిన్న గాటు ఉంటుంది. గాట్లన్నీ ఒకే వైపుకు వస్తే అక్షరాలు సరిగ్గా కూర్చున్నట్టే. ఎడమ చేతిలో వరుస పేర్చే పట్టె, దాన్నే స్టిక్ అంటారు, కుడి చేత్తో అక్షరాలు. పదానికీ పదానికీ మధ్య స్పేసు ముక్క, వరుసకూ వరుసకూ మధ్య సీసం పట్టీ. వరుస చివర వదులుగా ఉంటే ఫారం, అంటే పేర్చిన పేజీ, ఎత్తినప్పుడు అక్షరాలు రాలిపోతాయి, అందుకని సన్నటి ముక్కలు దూర్చి బిగించాలి. పిల్లలకు ఒక పూటంతా పడితే నాలుగైదు వరుసలు లేచాయి. పెద్దాయన మాతో మాట్లాడుతూనే ఒక పేరా పేర్చేశాడు.

అవి సీసం, తగరం, ఆంటిమొనీ కలిపిన అక్షరాలు. పిల్లలెవరూ చేతులు నోట్లో పెట్టుకోకుండా చూశాం, టిఫిన్‌కు ముందు సబ్బుతో కడిగించాం. స్కూళ్లలో ఎవరైనా ఈ పని చేయిస్తే ఇది మరవకండి.

సెప్టెంబర్ చివర

కాగితంలో ఏం రాయాలన్నది పిల్లలే తేల్చారు. 'స్వరాజ్య' పేజీకి నకలు వద్దని ముందే అనుకున్నాం. ఆయన తన కాలంలోని అన్యాయం రాశారు. మనమూ మన సంగతి రాద్దాం అన్నది అందరి మాట. పేరు 'మన బల్ల' అని పెట్టారు. వార్తలు నాలుగు: ఉల్లి ధర పడిపోయి రైతులు పంటను పొలంలోనే వదిలేయడం, స్కూలు టైముకు బస్సు రాకపోవడం, చెడిపోయిన చేతిపంపు, గ్రంథాలయానికి కొత్తగా వచ్చిన పుస్తకాలు. బస్సు వార్త రాసిన అమ్మాయి డ్రైవర్లను అడిగి, స్టాపు దగ్గర నిలబడి టైము రాసుకుని మరీ తెచ్చింది. ఆ వార్త అందరికన్నా బాగుంది.

ఫారం బిగించే ముందు పెద్దాయన అడిగాడు: "అడుగున ప్రెస్సు పేరు వేయరా?" ఏ పత్రికకైనా అడుగున ఎవరు అచ్చు వేశారు, ఎవరు ప్రచురించారు, ఎక్కడ అన్న వరుస ఉంటుంది కదా. 1867 నాటి ప్రెస్సు చట్టం అది తప్పనిసరి చేసింది. ఆ చట్టం కింద పత్రిక అచ్చు వేసేవాళ్లు, ప్రచురించేవాళ్లు మేజిస్ట్రేటు ముందు డిక్లరేషన్ ఇవ్వాల్సి ఉండేది. ఆ వరుసను నేనే పేర్చాను. పేరుస్తుంటే 1908లో ఆ వరుస ఎంత బరువైనదో అర్థమైంది. కేసు గాడిచర్ల గారి ఒక్కరి మీదే పడలేదు. 'స్వరాజ్య' ప్రచురణకర్త బోడి నారాయణరావు గారికీ శిక్ష పడింది. ఆయన పేరు ఈ రోజు ఎవరికీ గుర్తు లేదు. ఒక వ్యాసం పాఠకుడి దాకా వెళ్లాలంటే రాసినవాడి ధైర్యం ఒక్కటే చాలదు, తన పేరు కింద అచ్చు వేయించడానికి ఒప్పుకునే మనిషి కావాలి. జైలు ప్యానెల్‌లో బోడి నారాయణరావు గారి పేరును గాడిచర్ల గారి పేరు పక్కనే, అదే సైజులో పెట్టాం. దీనికి మాత్రం మాస్టారూ నేనూ ఒక్క క్షణం కూడా వాదించుకోలేదు.

అచ్చు వేసేటప్పుడు పిల్లలను మిషన్‌కు దూరంగా నిలబెట్టాం. ట్రెడిల్ నోరు తెరిచి మూసేలోపు కాగితం పెట్టి తీయాలి, వేళ్లకు ప్రమాదం. తొక్కడం, కాగితం పెట్టడం పెద్దాయన చేశాడు. తడి కాగితాలు అందుకుని తాడు మీద ఆరేయడం పిల్లల వంతు. తర్వాత కిరోసిన్ గుడ్డతో అక్షరాలు తుడిచి, ఒక్కొక్కటీ తిరిగి దాని గడిలో వేశాం. పేర్చడం కన్నా ఇది విసుగు పని. కానీ ఇది చేయకపోతే వచ్చే వారం పత్రిక ఉండదు.

అక్టోబర్ రెండో వారం

ప్యానెళ్లు మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. ఫ్లెక్స్ చవకే గానీ మెరుస్తుంది, కిటికీ వెలుతురు పడితే అక్షరం కనబడదు. సన్‌బోర్డు మీద మ్యాట్ స్టిక్కర్ ఖాయం చేశాం. మేం యూనికోడ్‌లో టైపు చేసిచ్చిన మాటర్‌ను డీటీపీ షాపులో పాత ఫాంట్లలోకి మార్చేసరికి కొన్ని ఒత్తులు ఎగిరిపోయాయి. 'స్వాతంత్ర్యం' మూడు చోట్ల మూడు రకాలుగా వచ్చింది. అన్నిటినీ కాగితం మీద ప్రూఫు తీయించి, ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు చూసి దిద్దాం.

ఈ వారం ముఖ్యమైన పని వేరే. ప్యానెళ్ల మాటర్‌ను సాయంత్రం వయోజన తరగతికి వచ్చే ఆడవాళ్లతో చదివించాం. పొలం పనులు చేసుకుని వస్తారు, చదవడం ఈ మధ్యే నేర్చుకున్నారు. వాళ్లు ఆగిన చోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టాను. 'బహిష్కృతులయ్యారు' దగ్గర అందరూ ఆగారు, 'కాలేజీ నుంచి తీసేశారు' అని మార్చాం. 'ఆవిర్భవించింది' పోయి 'పుట్టింది' వచ్చింది. మాస్టారు రాసిన అందమైన వాక్యాలు చాలా పోయాయి. ఆయనే కొట్టేశారు. గాడిచర్ల గారు ఇంత శ్రద్ధ పెట్టిన వయోజన విద్యకు ఆయన మీద పెట్టే ప్రదర్శనే అడ్డం కాకూడదు కదా. అక్షరం సైజు కూడా వాళ్లే చెప్పారు: నాలుగడుగుల దూరం నుంచి కళ్లు చికిలించకుండా కనబడాలి.

అక్టోబర్ చివరి వారం

జైలు ప్యానెల్‌కూ తర్వాతి ప్యానెళ్లకూ మధ్య ఏం పెట్టాలో తెలియక పని ఆగింది. అప్పుడు లైబ్రేరియన్ మేడం 1911 జనగణన లెక్క చెప్పారు. దేశంలో చదవడం రాయడం వచ్చినవాళ్లు వందకు ఆరుగురు కూడా లేరు. గాడిచర్ల గారు జైలు నుంచి విడుదలైన సంవత్సరం కూడా అదే, 1911.

పిల్లలు కూల్‌డ్రింకు మూతలు వంద పోగేశారు. ఆరింటికి ఎర్ర రంగు, మిగతావాటికి బూడిద రంగు వేసి, ప్లైవుడ్ ముక్క మీద పదికి పది వరుసలుగా అంటించారు. కింద ఒకే ప్రశ్న: 'ఈయన పత్రికను ఎవరు చదవగలరు?'

మాస్టారు ఆ పలక ముందు చాలాసేపు నిలబడి, "సరేనమ్మా, నీ సగం నీకిచ్చేశా," అన్నారు. ఆయన వాదనలోనూ బలముంది. జైలు లేకపోతే తర్వాతి పని విలువ తెలియదు. అందుకే జైలు ప్యానెల్ చిన్నది కాలేదు, తలుపు తీయగానే కనబడే చోటే ఉంది.

తర్వాతి భాగం ఇలా కుదిరింది. విడుదలయ్యాక బంధువులే ఇంట్లోకి రానివ్వడానికి భయపడ్డారు. పోలీసుల కన్ను పడుతుందని. మద్రాసులో విజ్ఞాన చంద్రికా మండలి నడిపిన కొమర్రాజు లక్ష్మణరావు గారు చేరదీశారు, తన వేదవిలాస్ ఇంట చోటిచ్చి, తెలుగు విజ్ఞాన సర్వస్వం పనిలో కలుపుకున్నారు. రాజద్రోహ ఖైదీకి ఆ రోజుల్లో తలుపు తీయడం చిన్న విషయం కాదు. కొమర్రాజు గారికి ప్యానెల్‌లో సగం ఇచ్చాం.

1916లో అనిబిసెంట్ స్వపరిపాలన కోసం హోం రూల్ ఉద్యమం మొదలుపెడితే ఆంధ్ర శాఖ కార్యదర్శిగా తిరిగారు. 'ఆంధ్రపత్రిక'కు కొంతకాలం సంపాదకత్వం చేశారు. 'మాతృసేవ' నడిపారు, భార్య రమాబాయి గారితో కలిసి స్త్రీల కోసం 'సౌందర్యవల్లి' తెచ్చారు. 1920ల చివర్లో నంద్యాల నుంచి మద్రాసు శాసనమండలికి ఎన్నికయ్యారు. మన ప్రాంతానికి రాయలసీమ అన్న పేరు వచ్చింది కూడా 1928 నంద్యాల సభల్లోనే. ఆ పేరు ప్రతిపాదించింది చిలుకూరి నారాయణరావు గారు. ఈ పేరు గాడిచర్ల గారే పెట్టారని చాలాచోట్ల చెబుతారు గనక ప్యానెల్ మీద చిలుకూరి గారి పేరు స్పష్టంగా రాశాం.

చివరి రెండు ప్యానెళ్లు గ్రంథాలయోద్యమానివి. నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి. 1914 ఏప్రిల్‌లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారి చొరవతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. దానికి గాడిచర్ల గారు దీర్ఘకాలం అధ్యక్షుడిగా పనిచేశారు. ఆ ఉద్యమంలోనే 1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువ మీద పుస్తకాలతో పడవ నడిపారు. పిల్లలు ఆ పడవను అట్టతో చేశారు, అగ్గిపెట్టెలంత పుస్తకాలు పేర్చారు. విజయవాడలో గ్రంథాలయ సంఘం భవనానికి ఈ రోజుకీ గాడిచర్ల గారి పేరే, సర్వోత్తమ భవనం.

ఆ పక్కన మా ఊరి ఇంటి పన్ను రసీదు ఒకటి, పేరూ నంబరూ కనబడకుండా కప్పి, పెద్దది చేసి అంటించాం. 1948లో మద్రాసులో గ్రంథాలయ చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్ చట్టం 1960లో, గాడిచర్ల గారు పోయిన ఏడాదే వచ్చింది. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు అలా వచ్చినదే. మన బల్ల మీది పేపర్లకు, కుర్చీలకు, ఫ్యానుకు డబ్బు అక్కడి నుంచే రావాలి. ఆ రసీదులో సెస్సు వరుసకు ఎర్ర గీత పెట్టాం. మునిసిపాలిటీలు, పంచాయతీలు ఆ సెస్సు వసూలు చేసి గ్రంథాలయ సంస్థలకు టైముకు జమ చేయాలని అడిగే హక్కు పన్ను కట్టే ప్రతి ఇంటికీ ఉంది. ఈ మాట ప్యానెల్ మీద రాయాలా వద్దా అని ఒకరిద్దరు జంకారు. రాశాం.

నవంబర్ 13

గోడకు చెమ్మ ఉంది. నేరుగా అంటిస్తే స్టిక్కర్ ఉబ్బుతుంది. పైన ఇనుప పట్టీ బిగించి, ప్యానెళ్లను కొక్కేలతో వేలాడదీశాం, గోడకూ బోర్డుకూ మధ్య వేలెడు సందు. డ్రిల్లింగ్ చేసినతను కూలి తీసుకోలేదు, తన కూతురు రాసిన బస్సు వార్త కాగితం ఒకటి అడిగి తీసుకెళ్లాడు.

నవంబర్ మూడో వారం

పేపర్లకు వచ్చే పెద్దవాళ్లు మొదట మూతల పలక దగ్గరే ఆగుతున్నారు. లెక్కపెట్టి, పక్కవాళ్లను పిలిచి చూపిస్తున్నారు. పన్ను రసీదు దగ్గర ఇద్దరు ముగ్గురు తమ ఇంటి రసీదులు తెచ్చి పోల్చుకున్నారు. ఒకాయన సెస్సు గురించి అర్జీ రాసిపెట్టమని మేడంను అడిగాడు. మాస్టారు కూర్చుని రాయించారు. జైలు ప్యానెల్ దగ్గర హైస్కూలు పిల్లలు ఎక్కువ. మాస్టారు చెప్పినట్టే ఉంది ఆ విషయంలో.

'మన బల్ల' కాగితాలు అయిపోయాయి. రెండో సంచికకు వయోజన తరగతిలోని ఒకామె వార్త ఇస్తానంది, చేతిపంపు ఇంకా బాగు కాలేదని. పెద్దాయన సంక్రాంతి తర్వాత రమ్మన్నాడు. ఈలోపు తక్కువ పడిన ఒత్తుల జాబితా ఆయనకు ఇవ్వాలి, పక్క ఊరి ప్రెస్సులో పాత టైపు ఉందేమో కనుక్కోవాలి. ప్యానెళ్లను డిసెంబర్‌లో హైస్కూలుకు పంపుతున్నాం. అక్కడ వరండాలో ఎండ పడుతుంది కాబట్టి కొక్కేల పట్టీ ఉత్తరం గోడకు బిగించమని చెప్పాను.